తిరుపతి నుంచి ఆర్నెల్లు: చియాంగ్ మాయా, పెనాంగా? యూకే క్లయింటు పని, ఇద్దరం, నెలకు లక్ష

అలిపిరి_గాలి అడిగింది:

అందరికీ నమస్కారం. భార్యాభర్తలం ఇద్దరమే. యూకే క్లయింటుకు కాంట్రాక్టు మీద సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. నెలకు 2,400 పౌండ్లు, తిరుపతి బ్రాంచిలోని ఖాతాలోనే పడతాయి. పని వేళలు లండన్ టైము ప్రకారం పొద్దున 9 నుంచి సాయంత్రం 5. ఆర్నెల్లు బయట ఒక ఊళ్ళో ఉండి ఇదే పని చేయాలని ఆలోచన. బాడుగ, తిండి, కరెంటు, తిరుగుడు అన్నీ కలిపి నెలకు లక్ష దాటకూడదు. థాయ్‌లాండ్‌లో చియాంగ్ మాయి, మలేషియాలో పెనాంగ్, వియత్నాంలో డా నాంగ్ ఈ మూడూ చూస్తా ఉన్నాం. ఇద్దరమూ శాకాహారులం. అక్టోబరులో బయలుదేరాలని ఉంది. ఏ వీసా, పన్ను ఎక్కడ కట్టాల, చేతిలో ఎంత పెట్టుకోవాల, ముందు ఏ పని మొదలుపెట్టాల? "సూపర్ ఉంటాది, పోండి" లాంటి జవాబులు వద్దు సామీ, లెక్కలు చెప్పండి.

రేణిగుంట_జంక్షన్:

బాడుగ కంటే ముందు గడియారం చూడు తమ్ముడూ. మనకంటే థాయ్‌లాండ్ గంటన్నర ముందు, మలేషియా రెండున్నర గంటలు ముందు. అంటే తూర్పుకు పోయేకొద్దీ పని రాత్రిలోకి జరుగుతాది. లండన్ 9 నుంచి 5 అంటే చలికాలంలో తిరుపతిలో మధ్యాహ్నం 2:30 నుంచి రాత్రి 10:30. అదే పని చియాంగ్ మాయిలో సాయంత్రం 4 నుంచి రాత్రి 12, పెనాంగ్‌లో సాయంత్రం 5 నుంచి రాత్రి 1. మార్చి ఆఖరి ఆదివారం లండన్ గడియారం ముందుకు జరిగినాక ఒక గంట కలిసొస్తాది. యూకే పనికి ఇది ఓర్చుకోవచ్చు. అమెరికా తూర్పు తీరం క్లయింటు ఉన్నవాళ్ళు మాత్రం ఈ ఊర్ల జోలికి పోవద్దు. చలికాలంలో పెనాంగ్‌లో రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా డ్యూటీ పడతాది. చవకగా పగలు నిద్రపోవడానికి అంత దూరం ఎందుకు?

ఇక వీసా. డా నాంగ్‌ను ముందే పక్కన పెట్టు. వియత్నాం ఈ-వీసా 2023 ఆగస్టు 15 నుంచి 90 రోజులకు ఇస్తున్నారు. ఒక్కసారి ప్రవేశానికి 25 డాలర్లు, పలుమార్లకు 50. ఊరు బాగుంటాది, చవక కూడా. కానీ రిమోట్ పనికి వేరే వీసా అంటూ లేదు. ఆర్నెల్లకు రెండు వీసాలు తీయాల, మధ్యలో ఒకసారి దేశం దాటి రావాల. రెండోది ఆలస్యమైతే బాడుగ ఒక దేశంలో, మనిషి ఇంకో దేశంలో.

థాయ్‌లాండ్‌కు డీటీవీ (డెస్టినేషన్ థాయ్‌లాండ్ వీసా, రిమోట్ పనివాళ్ళకు పనికొచ్చేది) అని 2024 జూలైలో తెచ్చినారు. ఐదేళ్ళ చెల్లుబాటు, వచ్చిన ప్రతిసారీ 180 రోజులు. దరఖాస్తు ఆన్‌లైన్లోనే, అదీ థాయ్‌లాండ్ బయట ఉన్నప్పుడే. చిక్కంతా ఒకటే: ఖాతాలో 5 లక్షల బాట్లు చూపించాల. ఇప్పటి మారకంలో దాదాపు 13 నుంచి 14.5 లక్షల రూపాయలు. స్టేట్‌మెంటు అడిగే రోజుకు మాత్రం కనబడితే చాలదు, కనీసం మూడు నెలలు కదలకుండా ఉండాల. వారం ముందు చుట్టాల దగ్గర తెచ్చి వేసిన మొత్తం స్టేట్‌మెంటులో కొట్టొచ్చినట్టు తెలిసిపోతాది. తిరస్కరణలు ఎక్కువగా అక్కడే. భార్యకు విడిగా దరఖాస్తు, విడిగా ఫీజు.

మలేషియాలో రిమోట్ పనివాళ్ళకు ఇచ్చేది డీఈ రాంటావ్ నోమాడ్ పాస్, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. 3 నుంచి 12 నెలలకు ఇస్తారు, ఇంకో 12 నెలలు పొడిగించుకోవచ్చు. టెక్ పనివాళ్ళకు ఏడాదికి 24,000 డాలర్ల ఆదాయం చూపాల. నీ 2,400 పౌండ్లు ఆ గీత సులువుగా దాటతాయి. టెస్టింగ్ టెక్ కిందికే వస్తాది. ఇక్కడ ఖాతాలో మూట చూపే పని లేదు, నెలనెలా వచ్చే రాబడే చూస్తారు. ఫీజు నీకు 1,000 రింగిట్లు, భార్యకు 500, పైన సర్వీసు పన్ను. రింగిట్ 22 రూపాయల చుట్టుపక్కల అనుకో, మారతా ఉంటాది. దరఖాస్తుకు నెలన్నర నుంచి రెండు నెలలు పెట్టుకో. అక్టోబరుకు పోవాలంటే జూలైలోనే వేసేయాల.

ఆదాయమే చాలు, మూట లేదు అనుకుంటే పెనాంగ్. మూట ఉంది, ఐదేళ్ళలో మళ్ళీ మళ్ళీ పోవాలనుకుంటే థాయ్‌లాండ్. ఇంకోటి: భారతీయులకు ఈ దేశాలు వీసా లేకుండా కొన్నాళ్ళు ఉండే వీలు ఇస్తా వచ్చినాయి, అది ఎప్పుడైనా మారొచ్చు. ఆ వీలు తిరిగి చూసి రావడానికి. దాని మీద ఆర్నెల్ల బతుకు కట్టొద్దు.

కపిలతీర్థం_మెట్లు:

పై దాంట్లో వాతావరణం ఒక్కటి కలపండి. అక్టోబరు నుంచి మార్చి అంటే చియాంగ్ మాయిలో మొదటి నాలుగు నెలలు స్వర్గం, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొగ. చుట్టూ కొండల్లో అడవులు, పొలాల్లో కొయ్యకాలు తగలబెడతారు. ఊరు గిన్నెలాంటి లోయలో ఉండేసరికి పొగ పైకి పోదు. కొండ కనబడని రోజులు వస్తాయి. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఆ నెలల్లో అక్కడ ఉండకూడదు. పెనాంగ్‌లో అక్టోబరు, నవంబరు నెలల్లో వాన జాస్తి, డిసెంబరు నుంచి తెరిపి.

లెక్కల_సామి:

పన్ను సంగతి చెప్తా, నిదానంగా చదువు.

అక్టోబరు 1 నుంచి మార్చి 31 దాకా 182 రోజులు. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30 దాకా 183. అంటే అక్టోబరు 1న విమానం ఎక్కినా ఆ ఆర్థిక సంవత్సరంలో నువ్వు 182 రోజుల గీత దాటి భారత్‌లో ఉన్నట్టే. పన్ను లెక్కకు ఇక్కడి రెసిడెంటువే. ఇది నీకు మంచిదే. సెప్టెంబరు మధ్యలోనే పోతే 182 కంటే తగ్గుతాయి. అప్పుడు ఆ ఏడాది 60 రోజులు, ముందు నాలుగేళ్ళలో 365 రోజులు ఇక్కడ ఉంటే రెసిడెంటే అనే రెండో నిబంధన వస్తాది. ఉద్యోగం కోసం పోయినావా, ఊరికే పోయినావా అని వాదన మొదలవుతాది. ఆ తద్దినం ఎందుకు? అక్టోబరులోనే పో.

రెసిడెంటుగా ఉండడం ఎందుకు మేలంటే, ఆదాయపు పన్ను చట్టంలోని 44ఏడీఏ సెక్షన్ కింద సగం రాబడినే లాభంగా చూపే వెసులుబాటు రెసిడెంట్లకు మాత్రమే. (2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ నంబర్లు మారినాయి, ఆడిటరును కొత్త నంబరుతో అడుగు.) నాన్ రెసిడెంట్ అయితే పన్ను తప్పుతాది అని కొందరు ఆశపడతారు. డబ్బు నేరుగా భారత్‌లోని ఖాతాలో అందుకుంటే నాన్ రెసిడెంటుకైనా అది ఇక్కడ పన్ను పడే ఆదాయమే.

అటువైపు లెక్క క్యాలెండరు ఏడాది ప్రకారం. మలేషియాలో 182 రోజులు, థాయ్‌లాండ్‌లో 180 రోజులు దాటితే అక్కడి పన్ను రెసిడెంటు అవుతావు. నీ బస అక్టోబరు-డిసెంబరు ఒక ఏడాదిలో 92, జనవరి-మార్చి ఇంకో ఏడాదిలో 90 రోజులుగా విడిపోతాది. ఏ ఏడాదిలోనూ గీత దగ్గరికి రావు. అదే జనవరిలో మొదలుపెట్టి ఆగస్టు దాకా ఉంటే కథ వేరు. థాయ్‌లాండ్‌లో 2024 నుంచి ఇంకో మెలిక: అక్కడ రెసిడెంటు అయినవాళ్ళు బయట సంపాదించి లోపలికి తెచ్చుకున్న డబ్బు మీద కూడా పన్ను కట్టాల. రెండు దేశాల మధ్య ఎవరైనా ప్రశ్న వేస్తే చూపడానికి మన ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే ట్యాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్ తీసి పెట్టుకో.

జీఎస్టీ: ఏడాదికి 20 లక్షలు దాటుతావు కాబట్టి రిజిస్ట్రేషన్ ఉండాల. ఎగుమతి మీద పన్ను కట్టకుండా ఉండాలంటే ఎల్‌యూటీ అనే హామీపత్రం ప్రతి ఆర్థిక సంవత్సరానికీ కొత్తగా వేయాల. మార్చి 31తో పాతది చచ్చిపోతాది. అడ్వాన్స్ ట్యాక్స్ 44ఏడీఏ వాళ్ళకు మార్చి 15న ఒకే వాయిదా. ఈ రెండూ నువ్వు అక్కడ ఉన్నప్పుడే వస్తాయి. విదేశీ ఐపీ నుంచి కొన్ని ప్రభుత్వ సైట్లు తెరుచుకోవు. ఆడిటరుకు లాగిన్ పని అప్పజెప్పి పో, లేదంటే మార్చి రెండో వారంలో తలకాయ నొప్పి.

చిత్తూరు_పుల్లమామిడి:

కాగితాల్లో తెలుగోళ్ళకు వచ్చే గొడవ ఇంటిపేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటాది, పాన్‌లో ఒక్క అక్షరం, బ్యాంకులో పేరు ముందూ వెనకా. మన కంటికి ఒకే మనిషి. దరఖాస్తు చూసేవాళ్ళకు ముగ్గురు. పాస్‌పోర్టును మూలంగా పెట్టుకుని బ్యాంకు కేవైసీ, పాన్, క్లయింటు కాంట్రాక్టు అన్నింట్లో అదే వరస, అవే అక్షరాలు చేయించు. పెళ్ళి రుజువుకు శుభలేఖ, గుడి రసీదు పనికిరావు. సబ్ రిజిస్ట్రార్ ఇచ్చిన మ్యారేజీ సర్టిఫికెట్ కావాల. అందులోనూ ఇద్దరి పేర్లూ పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే ఉండాల. కాంట్రాక్టు మూడు నెలలకు మించి మిగిలి ఉండాల. వచ్చే నెలతో ముగిసే కాంట్రాక్టు పెడితే తిప్పి కొడతారు. పాస్‌పోర్టు స్కాన్ ఖాళీ పేజీలతో సహా అన్నీ చెయ్. ఈసీఆర్ (కొన్ని దేశాలకు ఉద్యోగానికి పోయేముందు ప్రభుత్వ అనుమతి కావాలనే) ముద్ర ఉందేమో కూడా చూసుకో. మలేషియా, థాయ్‌లాండ్ రెండూ ఈసీఆర్ దేశాల జాబితాలో ఉన్నాయి. డిగ్రీ చదివినా పదో తరగతి సర్టిఫికెట్ పెట్టకుండా పాస్‌పోర్టు తీసుకున్నవాళ్ళకు అది పడి ఉంటాది. మార్చుకోవాలంటే తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలో రీఇష్యూ.

బాడుగ. పెనాంగ్‌లో గెలుగోర్, బయాన్ లెపాస్ వైపు సామాన్లతో సహా రెండు గదుల కాండో (అపార్ట్‌మెంట్ ఫ్లాట్) 1,500 నుంచి 2,000 రింగిట్లకు దొరుకుతాది. సముద్రం పక్కన తంజుంగ్ బుంగా వైపు ఇంకా పైకి. అడ్వాన్సు మామూలుగా రెండు నెలలు, కరెంటు-నీళ్ళకు అర నెల, మొదటి నెల బాడుగ. 1,800 ఇంటికి 6,300 రింగిట్లు, అంటే దిగిన వారంలోనే లక్షా నలభై వేలు చేతిలో ఉండాల. నీ నెలకు లక్ష లెక్కలో ఇది లేదు, విడిగా పెట్టుకో. చాలామంది ఏడాది అగ్రిమెంటు అడుగుతారు. ఆర్నెల్లకు ఒప్పుకునేవాళ్ళు వంద, రెండు వందలు పెంచుతారు. ఆ పెంపు కట్టడమే మేలు. ఏడాదికి సంతకం పెట్టి మధ్యలో వదిలితే రెండు నెలల అడ్వాన్సు పోతాది. అగ్రిమెంటుకు స్టాంపు వేయించు, స్టాంపు లేని కాగితం తగాదాలో నిలబడదు. కొన్ని ప్రకటనల్లో ఫలానా జాతివాళ్ళకే అని రాస్తారు, మన పోపు వాసన పడనివాళ్ళు కూడా ఉంటారు. "రోజూ వంట చేస్తాం" అని ఫోన్లోనే చెప్పేస్తే ఊరికే తిరగడం తప్పుతాది.

తాళం తీసుకునే రోజు చేయాల్సింది: కరెంటు మీటరు, నీళ్ళ మీటరు అంకెలు కనబడేలా ఫోటో. ఏసీలు 18 డిగ్రీల మీద పావుగంట నడిపి కింద నీళ్ళు కారతాయేమో చూడు. పరుపు తిప్పి కింది వైపు ఫోటో. గోడ మీద మరకలు, కుళాయి కింద తడి. ఆ ఫోటోలన్నీ అదే రోజు యజమానికి వాట్సాప్‌లో పంపు, తేదీ దానంతట అదే పడతాది. అడ్వాన్సులో కోత పడేది ఎక్కువగా ఏసీ సర్వీసు, పరుపు మరక పేరు మీదే.

చియాంగ్ మాయి అయితే నిమ్మాన్‌లో ధర జాస్తి, సాంతితాంలో తక్కువ. ఒక గది కాండో 10,000 నుంచి 15,000 బాట్లు, రెండు నెలల అడ్వాన్సు. అక్కడ అడగాల్సిన ప్రశ్న "కరెంటు యూనిట్ ఎంత?" అని. కొన్ని బిల్డింగుల్లో నేరుగా ప్రభుత్వ బిల్లు, కొన్నింట్లో యజమాని యూనిట్‌కు 7, 8 బాట్లు వేస్తాడు. బాడుగ తక్కువ చెప్పి కరెంటులో లాగేది అట్లే. దిగిన 24 గంటల్లో యజమాని టీఎం30 (ఇంట్లో విదేశీయుడు ఉన్నాడని ఇమిగ్రేషన్‌కు తెలిపే ఫారం) వేయాల, ఒకేసారి 90 రోజులు దాటితే నువ్వు టీఎం47 (ఎక్కడ ఉన్నావో తెలిపే ఫారం) వేయాల. టీఎం30 అంటే తెలియని యజమాని ఇల్లు తీసుకోవద్దు.

ఇంటర్నెట్: పెనాంగ్‌లో కొత్త ఫైబర్ కనెక్షన్‌కు మామూలుగా 24 నెలల ఒప్పందం ఉంటాది. ఆర్నెల్ల మనిషికి అది గుదిబండ. ముందే ఫైబర్ ఉన్న ఇల్లే చూడు. చూడ్డానికి పోయినప్పుడు లాప్‌టాప్ తీసుకుపోయి రూటరుకు తీగతో కలిపి, లండన్ సర్వరు ఎంచుకుని కొలువు. దూరం వల్ల పింగ్ (జవాబు తిరిగొచ్చే సమయం) 150 నుంచి 200 మిల్లీసెకన్లు ఎట్లాగూ పడతాది, అది తప్పు కాదు. చూడాల్సింది అప్‌లోడ్ ఎంత, పింగ్ ఎగిరి పడతా ఉందా అని. సాయంత్రం 8 తర్వాత ఇంకోసారి కొలువు. నీ పని ఆ వేళల్లోనే కదా.

అలిపిరి_గాలి:

ఇంత వివరంగా చెప్పినందుకు థాంక్స్ అన్నా. పెనాంగ్ వైపే మొగ్గుతున్నాం. రెండు సందేహాలు. బ్యాంకు ఓటీపీలు అక్కడ వస్తాయా? తిండి సంగతి ఎవరూ చెప్పలేదు. మిక్సీ, ఇడ్లీ పాత్ర మోసుకుపోవాలా?

బైరాగిపట్టెడ_వంటిల్లు:

మిక్సీ తీసుకుపో. మలేషియా కరెంటు మనలాగే 50 హెర్ట్జ్, వోల్టేజీ కూడా మనదే. ప్లగ్గు మాత్రం వేరు. అక్కడివి మూడు చదరపు పిన్నులు, మన గుండ్రటి పిన్నులు దూరవు. దిగినాక ఏ హార్డ్‌వేర్ అంగట్లోనైనా అడాప్టర్ రెండు మూడు రింగిట్లు. ఇక్కడి నుంచి మంచి స్పైక్ బస్టర్ ఒకటి తీసుకుపోతే ఒక్క అడాప్టర్‌తో అంతా నడుస్తాది. మిక్సీ, ఇండక్షన్ రెండూ ఒకే స్పైక్ బస్టర్‌కు పెట్టొద్దు, ఫ్యూజు పోతాది. ఇడ్లీ పాత్ర మోయొద్దు, జార్జ్‌టౌన్ లిటిల్ ఇండియాలో అన్నీ ఉన్నాయి. సోనా మసూరి, కందిపప్పు, ఇంగువ, చింతపండు దొరుకుతాయి. దొరకనిది మన కారంపొడి రుచి. గుంటూరు కారం రెండు కిలోలు, రాగిపిండి రెండు కిలోలు సీలు వేసి చెకిన్‌లో పెట్టు. ఎండు కొబ్బరి పెట్టొద్దు, మండే సరుకని విమానాశ్రయంలో తీసేస్తారు. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే. లడ్డూ చేతి సంచిలో పెట్టుకోవచ్చు, స్కానింగులో ఆపి అడిగితే ప్రసాదమని చెప్పాల్సి వస్తాది అంతే.

బయట తినేటప్పుడు: తోసై (మన దోసె), ఇడియాప్పం, అరిటాకు భోజనం సులువు. చిత్తూరు జిల్లావాళ్ళకు తమిళం ఎట్లాగూ వస్తాది, అడిగి తినొచ్చు. జాగ్రత్త పడాల్సింది రెండు మాటల దగ్గర: బెలచాన్ అంటే రొయ్యల ముద్ద, సాంబల్ అనే కారం పచ్చడిలో కలిసిపోయి ఉంటాది, కంటికి కనబడదు. ఇకాన్ బిలిస్ అంటే ఎండు చేపలు, నాసి లెమాక్ అనే కొబ్బరిపాల అన్నం మీద చల్లుతారు. చియాంగ్ మాయికి పోయేవాళ్ళు "జే" అనే మాట నేర్చుకోవాల. పసుపు జెండా మీద ఎర్రటి అక్షరాలు, మన కంటికి 17 అంకెలా ఉంటాది. ఆ జెండా ఉన్న బండి దగ్గర చేప రసం, గుడ్డు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ ఉండవు. "మాంసం వద్దు" అని మాత్రం చెప్తే చేప రసం పోసిన కూర వచ్చేస్తాది. వాళ్ళ లెక్కలో అది మాంసం కాదు.

ఇద్దరికీ పెనాంగ్‌లో బాడుగ 1,800, కరెంటు రాత్రి ఏసీతో 200, నెట్ 120, సరుకులు, బయట తిండి 1,200, గ్రాబ్ ట్యాక్సీ, బస్సు 300. దాదాపు 3,600 రింగిట్లు. 22 వేసుకున్నా 80 వేల లోపే. మిగిలిన 20 వేలల్లో ఇన్సూరెన్సు నెల వాటా పోతాది.

చిత్తూరు_పుల్లమామిడి:

ఓటీపీ: బయలుదేరే ముందు సిమ్‌కు ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించు, అక్కడ దిగినాక డేటా రోమింగ్ మాత్రం ఆపేయ్. మెసేజీలకు అది చాలు. రెండు సిముల ఫోన్ ఉంటే మనది ఒక దాంట్లో, అక్కడి సిమ్ ఇంకో దాంట్లో. మన సిమ్ రీచార్జ్ ఆర్నెల్లకు ముందే వేసేయ్, గడువు పోతే ఇన్‌కమింగ్ కూడా ఆగుతాది. ఈమెయిల్‌కు ఓటీపీ పంపే వీలు మీ బ్యాంకులో ఉంటే పెట్టించు. ఆధార్ ఓటీపీకి కూడా మొబైలే ముఖ్యం. సిమ్ అక్కడ పోతే కొత్తది తీసుకోవడానికి మామూలుగా మనిషి ఇక్కడికి రావాల. అందుకే పాత ఫోన్ అయినా సరే, మన సిమ్ బయట తిరిగే ఫోన్లో కాకుండా ఇంట్లో పెట్టుకునే ఫోన్లో ఉంచడం మేలు.

కార్డులకు విదేశీ వాడకం మామూలుగా ఆపి ఉంటాది. యాప్‌లో ఏటీఎం, పీఓఎస్ (అంగట్లో కార్డు గీసే మెషీన్), ఆన్‌లైన్ మూడూ విడివిడిగా ఆన్ చేయాల, ఒక్కటి చేసి పోతారు చాలామంది. మామూలు డెబిట్ కార్డు మీద మారకం చార్జీ 3 శాతం పైనే, కాబట్టి ఆ చార్జీ లేని కార్డు ఒకటి ముందే తీసుకో. ఏటీఎం పరిమితి రెండు వైపులా ఉంటాది: మన బ్యాంకుది, అక్కడి మెషీన్‌ది. 6,300 రింగిట్లు ఒకే రోజు రాకపోవచ్చు, రెండు కార్డులు ఉండాల.

ఇన్సూరెన్సు భారత్‌లో ఉండగానే తీసుకో, దేశం దాటినాక మన కంపెనీలు సాధారణంగా కొత్త పాలసీ ఇవ్వవు. ఇంట్లోని మామూలు హెల్త్ పాలసీ అక్కడ పనిచేయదు. స్కూటరు బాడుగకు తీసుకునే ఆలోచన ఉంటే ఆర్టీఓ ఆఫీసులో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకో, ఏడాది చెల్లుతాది. లైసెన్సులో కారు ఒక్కటే ఉంటే బండికి అది చెల్లదు. కింద పడితే ఇన్సూరెన్సు క్లెయిమ్ తిరస్కరించేది సరిగ్గా ఈ కారణానికే.

తిరుచానూరు_రోడ్డు:

దీన్ని చదివే మిగతావాళ్ళకు ఒక మాట. "థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ, నెలకు లక్ష, టికెట్ మాదే" అని ఏజెంటు చెప్తే అది ఈ చర్చలో చెప్పే పని కాదు. బ్యాంకాక్‌లో దింపి సరిహద్దు ఊరు మే సోట్ మీదుగా నది దాటించి మయన్మార్‌లో సైబర్ మోసాల కేంద్రాల్లో పెట్టేస్తున్నారు. ఐటీ చదివిన పిల్లలే వాళ్ళ గురి అని విదేశాంగ శాఖ 2022 సెప్టెంబరులోనే హెచ్చరించింది. విదేశంలో ఉద్యోగం ఇప్పిస్తామనే ఏజెంటు పేరు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైటులో ఉందో లేదో చూడండి. రిమోట్ పనికి ఏజెంటు అసలు అక్కరలేదు. పని నీ దగ్గరే ఉంది, వీసా ఆన్‌లైన్లో ఉంది.

అలిపిరి_గాలి:

సరే అన్నా. ఈ వారం దేంతో మొదలుపెట్టాలి?

రేణిగుంట_జంక్షన్:

సోమవారం బ్యాంకుకు పోయి పేరు సరిచేయించు, పాస్‌పోర్టు కాపీ తీసుకుపో. అదే వారంలో మ్యారేజీ సర్టిఫికెట్ లేకపోతే స్లాటు పట్టు. క్లయింటుకు రాసి రెండు కాగితాలు అడుగు: అక్టోబరు నుంచి కనీసం మార్చి దాకా కాంట్రాక్టు, మలేషియా నుంచి పని చేయడానికి అభ్యంతరం లేదన్న ఉత్తరం. కొందరు క్లయింట్లు డేటా భద్రత పేరు చెప్పి దేశం మారితే ఒప్పుకోరు. వాళ్ళు కాదంటే మిగతాదంతా వృథా కాబట్టి ఫీజు కట్టేముందే ఇది తేల్చుకో. టికెట్టు కొనేది నోమాడ్ పాస్ అనుమతి వచ్చినాకే. రేణిగుంట నుంచి విదేశీ విమానం లేదు, చెన్నైకే పోవాల. చెన్నై నుంచి పెనాంగ్‌కు ఇండిగో 2024 డిసెంబరులో నేరు విమానం మొదలుపెట్టింది. మీ తేదీకి అది లేకపోతే కౌలాలంపూర్ మీదుగా. దిగడానికి ముందు మూడు రోజుల్లోపు మలేషియా డిజిటల్ అరైవల్ కార్డు నింపాల, అది ఉచితం. డబ్బు అడిగే సైటు వచ్చిందంటే మూసేయ్.